ఫీజు అడిగే నెల, పత్తి అమ్మే నెల: చిన్న ప్రైవేట్ బడి ఆదాయం లెక్క

జూన్ 12న బడులు తెరుస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వరంగల్ చుట్టుపక్కల పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట వైపు రైతు పత్తి గింజలకు, డీఏపీ ఎరువుకు, ట్రాక్టర్ కిరాయికి డబ్బు వెతుక్కుంటుంటాడు. ఏడాది మొత్తంలో అతని చేతిలో పైసా ఆడని నెల అది. ఊరికి బస్సు పంపే ప్రైవేట్ బడి మొదటి టర్మ్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బస్సు అడ్వాన్స్ అన్నీ కలిపి అడిగేదీ ఆ నెలలోనే. రైతు రెండు మూడు వేలు చేతిలో పెట్టి, "మిగతాది పత్తి తీసినంక ఇస్తం సార్" అంటాడు. బడివాళ్లు దాన్ని బకాయి అని రాసుకుంటారు. ఏడాది చివర ఆ బకాయిలన్నీ కూడి చూసుకుని, ఆదాయం సరిపోవట్లేదని వచ్చే ఏడాది ఫీజు పది శాతం పెంచుతారు.

రోగం ఒకటి, మందు ఇంకొకటి. ఫీజు తక్కువ కావడం కన్నా, వేసిన ఫీజు చేతికి రాకపోవడం, చేరిన పిల్లలు నిలవకపోవడం మన వైపు చిన్న బడుల్ని ఎక్కువగా ముంచుతున్నాయి. చిన్న బడి అంటే ఇక్కడ నా ఉద్దేశం ఏ కార్పొరేట్ గొలుసులోనూ లేనిది, రెండు మూడు వందల నుంచి ఆరేడు వందల మంది పిల్లలున్నది, కరస్పాండెంటే, అంటే బడి నడిపే యజమానే, అన్నీ చూసుకునేది. హనుమకొండ నయీంనగర్ సందుల్లో, కాజీపేటలో, జమ్మికుంట, భూపాలపల్లి లాంటి పట్టణాల్లో ఉన్నవి ఎక్కువగా ఇవే.

ఒక లెక్క వేసుకుందాం. బడి ఊహించినదే. నర్సరీ నుంచి పదో తరగతి దాకా 13 క్లాసులు, 390 మంది పిల్లలు, సగటు ఫీజు 18,000 రూపాయలు. కాగితం మీద రావలసింది 70 లక్షల 20 వేలు. అందులో 85 శాతం వసూలైతే చేతికి వచ్చేది 59 లక్షల 67 వేలు. ఇప్పుడు ఫీజు 10 శాతం పెంచారనుకోండి, 19,800 అవుతుంది. ఈ పెంపు వల్ల 30 మంది వెళ్లిపోయారు, ఉన్నవాళ్లకూ భారమై వసూలు 83 శాతానికి తగ్గింది. 360 మంది మీద వచ్చేది 59 లక్షల 16 వేలు. అంటే ఫీజు పెంచి, తల్లిదండ్రులతో మాట పడి, 30 మందిని పోగొట్టుకుని, చివరికి చేతికి వచ్చింది మునుపటి కన్నా యాభై వేలు తక్కువ. అదే బడి ఫీజు పైసా పెంచకుండా వసూలును 92 శాతానికి తీసుకెళ్తే 64 లక్షల 58 వేలు వస్తాయి. దాదాపు 5 లక్షల తేడా.

అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. సీట్లన్నీ నిండి, బయట ఎదురుచూసేవాళ్లుంటే పెంపు నిలుస్తుంది. కానీ మన పట్టణాల్లో ఎన్ని బడులకు ఆ పరిస్థితి ఉంది? ఏప్రిల్ వచ్చిందంటే కరెంటు స్తంభానికో ఫ్లెక్సీ. పేరు చివర టెక్నో, ఒలింపియాడ్, కాన్సెప్ట్ అనే తోకలు. టీచర్ల చేతిలో కరపత్రాలు, మనిషికి ఇన్ని అడ్మిషన్లని టార్గెట్లు. ఎండలో ఇల్లిల్లూ తిరిగి అడగాల్సి వస్తున్న బడికి, తన ఇష్టం వచ్చినట్టు ధర పెట్టే బలం లేదనే అర్థం.

పిల్లలు ఎక్కడ జారిపోతున్నారు

కొత్తగా చేరేవాళ్ల సంఖ్య ఇకపై పెరిగే అవకాశం తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సగటున ఒక్కో మహిళకు పుట్టే పిల్లలు 1.8 మంది. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి. నర్సరీ గుమ్మంలోకి వచ్చే పిల్లలే తక్కువ, వాళ్ల కోసం పోటీపడే బడులు ఎక్కువ. పైగా 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒకప్పుడు చిన్న ప్రైవేట్ బడి బోర్డు మీద ఆ ఒక్క మాట ఉంటే చాలు, పిల్లలు వచ్చేవాళ్లు. ఇప్పుడు అది ప్రత్యేకత కాదు.

అందుకే వచ్చినవాళ్లను నిలుపుకోవడమే అసలు లెక్క. ఒకటో తరగతిలో 40 మంది ఉన్నారు. ఏటా పది శాతం వెళ్లిపోతూ, వాళ్ల చోట ఎవరూ చేరకపోతే, పదో తరగతికి చేరేది 15 మందో 16 మందో. ఏటా ఐదు శాతమే వెళ్తే 25 మంది. క్లాసులో 15 మంది ఉన్నా 25 మంది ఉన్నా చెప్పే లెక్కల సార్ ఒకరే, గది ఒకటే, ఫ్యాన్లు అవే. ఆ అదనపు పది మంది ఫీజులో దాదాపు అంతా మిగులే. కొత్తగా సెక్షన్ తెరిచి పెంచుకునే ఆదాయానికీ దీనికీ పోలికే లేదు. ఆ సెక్షన్‌కు టీచర్లు కావాలి, గది కావాలి, సగం కూడా నిండకపోయినా ఖర్చు మాత్రం మొత్తం పడుతుంది.

వెళ్లిపోయేది అన్ని క్లాసుల్లో ఒకేలా ఉండదు. మొదటి గండి నాలుగో తరగతి అయ్యాక. ఐదో తరగతికి గురుకులాల ప్రవేశ పరీక్ష ఉంటుంది. 2016, 2017ల్లో మైనారిటీ, బీసీ గురుకులాలు పెద్ద సంఖ్యలో తెరిచాక ఈ గండి బాగా పెద్దదైంది. చదువు, తిండి, హాస్టల్ అన్నీ ఉచితం అయినప్పుడు ఫీజు కట్టలేని కుటుంబం అటు చూడడం సహజం, అందులో తప్పు పట్టడానికీ ఏమీ లేదు. రెండో గండి ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి మధ్య. కాస్త డబ్బున్నవాళ్లు ఐఐటీ ఫౌండేషన్ పేరుతో పిల్లల్ని కార్పొరేట్ బడికి మారుస్తారు. అంటే చిన్న బడిని కింది నుంచి గురుకులం, పై నుంచి కార్పొరేట్ రెండూ లాగుతున్నాయి.

ఈ రెండూ బడి చేతిలో లేనివి. మూడోది మాత్రం ఉంది: టీచర్ మారడం. రెండో తరగతి పిల్ల తల్లికి బడి అంటే ఆ క్లాస్ మేడమే. ఆ మేడం దసరా సెలవులకు వెళ్లి తిరిగి రాకపోతే, ఆమె స్థానంలో వచ్చిన మనిషి సంక్రాంతికి మానేస్తే, ఆ తల్లి వేసవిలో వేరే బడి చూస్తుంది. 2024లో 11,062 సర్కారు టీచర్ పోస్టుల డీఎస్సీ నియామక పత్రాలు సరిగ్గా దసరా ముందు వచ్చాయి. మంచి టీచర్లు చాలామంది విద్యా సంవత్సరం మధ్యలోనే వెళ్లిపోయారు. సర్కారు ఉద్యోగం వచ్చినవాళ్లను ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. కానీ పక్క వీధి బడి రెండు వేలు ఎక్కువిస్తానంటే వెళ్లేవాళ్లను ఆపొచ్చు. పైన చెప్పుకున్న బడిలో పన్నెండు మంది ముఖ్యమైన టీచర్లకు నెలకు తలా రెండు వేలు పెంచితే ఏడాదికి 2 లక్షల 88 వేల ఖర్చు. సరిగ్గా పదహారు మంది పిల్లల ఫీజు అది. 390 మందిలో పదహారు మంది ఆగితే చాలు, జీతం పెంపు తన ఖర్చు తానే తెచ్చుకున్నట్టు.

ఇక్కడే ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. చాలా బడులు మే నెల జీతం ఇవ్వవు, కొన్ని పది నెలల జీతమే ఇస్తాయి. ఆదా అనుకుంటారు. నిజానికి ఏటా వేసవిలో టీచర్‌కు వేరే ఉద్యోగం వెతుక్కునే తీరిక, కారణం రెండూ బడే చేతిలో పెట్టి పంపుతోంది. కరోనా కాలంలో ప్రైవేట్ టీచర్లకు ప్రభుత్వం 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడాది వృత్తి వదిలేసి కూరగాయల బండి పెట్టుకున్నవాళ్లు, ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్లు అందరూ తిరిగి రాలేదు.

వసూలు: అడిగే తీరు, అడిగే నెల

మన ప్రాంతంలో డబ్బు ఇళ్లలోకి ఎప్పుడు వస్తుందో అందరికీ తెలుసు, ఫీజు కార్డు అచ్చువేసేవాళ్లు మాత్రం దాన్ని పట్టించుకోరు. పత్తి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు అక్టోబర్ చివర్లో మొదలై సంక్రాంతి దాకా వస్తుంది. వానాకాలం వడ్ల డబ్బులు నవంబర్, డిసెంబర్‌లో పడతాయి. మిర్చి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. యాసంగి వడ్ల డబ్బులు మే నెలలో. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనుల కార్మికుల ఇళ్లకు నెల జీతంతో పాటు దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ ఉంటాయి. ఆటో నడిపే ఇంటికి రోజువారీ డబ్బు తప్ప ఒకేసారి పెద్ద మొత్తం ఎప్పుడూ కనిపించదు. వీళ్లందరికీ జూన్, అక్టోబర్, జనవరి అని ఒకే మూడు టర్ములు పెడితే ఎవరికీ సరిపోదు.

అడ్మిషన్ రోజునే ఇంటి ఆదాయం ఎలా వస్తుందో అడిగి, నాలుగైదు రకాల ఫీజు కార్డుల్లో ఒకటి ఎంచుకోమనడం పెద్ద పనేమీ కాదు. పత్తి రైతుకు జూన్‌లో చిన్న మొత్తం, నవంబర్, జనవరిలో పెద్ద మొత్తాలు. మిర్చి రైతుకు మార్చి. జీతగాళ్లకు పది నెలల వాయిదా. ఆటో డ్రైవర్‌కు వారం వారం ఫోన్‌పేలో మూడు నాలుగు వందలు. బడికి వచ్చే మొత్తం మారదు, కానీ ఇస్తానన్న నెలలో ఇవ్వగలిగిన మనిషికి ముఖం చాటేయాల్సిన అవసరం ఉండదు. బకాయి పడ్డ తండ్రి బడి వైపు రావడం మానేస్తాడు, పేరెంట్స్ మీటింగ్‌కు రాడు, చివరికి పిల్లవాణ్ని మార్చేస్తాడు. అంటే వసూలు సమస్యే కొన్నాళ్లకు పిల్లలు జారిపోయే సమస్య అవుతుంది.

పిల్లల్ని క్లాసు బయట నిలబెట్టడం, పరీక్షకు కూర్చోనివ్వకపోవడం, టీసీ ఆపడం ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. మనిషితనం మాట పక్కన పెట్టి, ఒట్టి డబ్బు లెక్కలో చూసినా ఇవి పనికిరావు. పదో తరగతి హాల్ టికెట్ ఇప్పుడు బోర్డు వెబ్‌సైట్ నుంచే తీసుకోవచ్చు, బడి చేతిలో ఆ తాళం లేదు. క్లాసు బయట నిలబెట్టిన పిల్లవాడి ఫొటో వాట్సాప్‌లో ఒక్క సాయంత్రంలో ఊరంతా తిరుగుతుంది.

వసూలును లోపలి నుంచి తినేసే ఇంకో విషయం కన్సెషన్. బోర్డు మీద 26,000, అడ్మిషన్ గదిలో బేరం ఆడితే 21,000, గట్టిగా ఆడితే 17,000, ఎవరో నాయకుడు ఫోన్ చేస్తే 14,000. ఒకే బెంచీ మీద కూర్చున్న నలుగురికి నాలుగు ఫీజులు. పిల్లల తల్లులు పొదుపు సంఘం మీటింగ్‌లో కలుస్తారు, మాట్లాడుకుంటారు. ఎక్కువ కట్టినావిడ తాను మోసపోయానని అనుకుంటుంది, వచ్చే ఏడాది ఆమె కూడా బేరానికి దిగుతుంది. అంతకన్నా బోర్డు మీదే 19,000 రాసి, తోబుట్టువులకు ఇంత, తండ్రి లేని పిల్లలకు ఇంత అని మూడు నాలుగు నియమాలు పెట్టి, అందరికీ అవే అంటే బేరమే ఉండదు. మొదటి ఏడాది కొందరు పోతారు. ఆ భయంతోనే ఎవరూ ఈ పని చేయరు.

ప్రభుత్వం చెల్లించే ఫీజు గురించి ఒక మాట. ఎస్సీ, ఎస్టీ పిల్లల ఫీజు ప్రభుత్వం కట్టే బెస్ట్ అవైలబుల్ స్కూల్స్ పథకంలో బకాయిలు పేరుకుపోయి 2025లో పెద్ద గొడవే అయింది. మధ్యలో నలిగింది పిల్లలు. పథకం మంచిదే. కానీ బడి ఆదాయంలో సగం ఒకే చోటు నుంచి రావాల్సి ఉంటే, అక్కడ బిల్లు ఆగిన నెల జీతాలూ ఆగుతాయి.

చట్టం ఏమంటుంది

బడి లాభం తీసుకోవచ్చా అనే దానిపై చాలా గందరగోళం ఉంది. 2002లో టీఎంఏ పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఒక గీత గీసింది: ప్రభుత్వ సాయం తీసుకోని విద్యాసంస్థ తన ఫీజు తాను నిర్ణయించుకోవచ్చు, సంస్థ అభివృద్ధికి సరిపడా మిగులు ఉంచుకోవచ్చు, కానీ డొనేషన్లు, లాభార్జన కుదరవు. మిగులు బడిలోకే తిరిగి వెళ్లాలి, యజమాని జేబులోకి కాదు.

మన దగ్గర దీనికి అంకెలు కూడా ఉన్నాయి. 1994 జనవరి 1 నాటి జీవో నంబర్ 1 ప్రకారం ఫీజు ఆదాయంలో సగం జీతాలకు, 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ, బీమాలకు, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి, 5 శాతం మాత్రం యాజమాన్యానికి. ధర్నాల్లో తల్లిదండ్రుల సంఘాలు చదివేది ఈ జీవోనే. ఫీజుల నియంత్రణ మీద 2017లో తిరుపతిరావు కమిటీ వేశారు, ఆ తర్వాత రాష్ట్ర విద్యా కమిషన్ కూడా ఇదే అంశాన్ని చేపట్టింది. కొత్త చట్టం ఏ రూపంలో వచ్చినా బడిని అడిగే మొదటి కాగితం ఆడిట్ అయిన లెక్కలే. ఇంటి ఖర్చూ బడి ఖర్చూ ఒకే సంచిలో నడిపే కరస్పాండెంట్ ఆ రోజు ఏం చూపిస్తారు? కరస్పాండెంట్ కూడా బడిలో పనిచేస్తున్న మనిషే కాబట్టి, నెలకు ఇంత అని జీతం రాసుకుని, అది మాత్రమే తీసుకోవడం మంచిది.

అదనపు ఆదాయం అనగానే ఆవరణను పెళ్లిళ్లకు అద్దెకివ్వడం, కింద షాపులు కట్టడం గుర్తొస్తాయి. ట్రస్టు, సొసైటీ పేరున ఉన్న బడి ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే సంస్థ విద్య కోసమే ఉండాలి. పుస్తకాలు, బస్సు, హాస్టల్ లాంటివి విద్యకు అనుబంధమే కాబట్టి ఫరవాలేదు, సంబంధం లేని వ్యాపారం చేస్తే మినహాయింపుకే ఎసరు. సాయంత్రం ట్యూషన్, వేసవిలో క్యాంపు, హిందీ, సంగీతం, కరాటే క్లాసులు మాత్రం బడి పనిలో భాగంగానే నడపొచ్చు. వీటి నుంచి వచ్చేది పెద్దగా ఉండదు. ఇందులో సంపాదన కన్నా పిల్లలు నిలవడమే ఎక్కువ లాభం: చీకటి పడేదాకా పిల్లల్ని చూసుకునే బడిని పనికి వెళ్లే తల్లి తొందరగా మార్చదు.

పుస్తకాలు, యూనిఫాం మీద వేసుకునే మార్జిన్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. బడికి అందులో వచ్చే నాలుగు డబ్బుల కన్నా, బయట నాలుగు వందలకు దొరికే చొక్కాను ఏడు వందలకు అమ్మారనే కోపం ఎక్కువ ఖరీదు. బస్సు వేరే కథ. ఒక్క బస్సు ఫీజే చూస్తే చాలా రూట్లు నష్టంలోనే ఉంటాయి, ఆ బస్సు తెచ్చే పిల్లల ట్యూషన్ ఫీజు కలిపి చూస్తేనే నిజం తెలుస్తుంది. డ్రైవర్, ఆయా, డీజిల్, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ అన్నీ రూటు వారీగా రాసి చూస్తే, పాతిక కిలోమీటర్లు వెళ్లి ఎనిమిది మందిని తెచ్చే రూటు ఒకటి కచ్చితంగా బయటపడుతుంది. అదే ఊరికి ఇంకో రెండు బడుల బస్సులు కూడా సగం ఖాళీగా వస్తుంటాయి. మాట్లాడుకుని ఊళ్లు పంచుకోవచ్చు, కానీ మన కరస్పాండెంట్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

చేతిలో కొంత ఉండాలి

ఏప్రిల్ నుంచి జూన్ దాకా వసూలు పడిపోతుంది, జీతాలు, అద్దె ఆగవు. ఇరవై మంది సిబ్బందికి సగటున 14,000 అంటే నెలకు 2 లక్షల 80 వేలు, మూడు నెలలకు 8 లక్షల 40 వేలు. ఇది చేతిలో లేకపోతే ఉన్న దారి చిట్టీ ముందే పాడుకోవడం, లేదా రెండు రూపాయల వడ్డీకి తేవడం. 8 లక్షలకు నెలకు 16,000, నవంబర్‌లో పత్తి ఫీజులు వచ్చేదాకా ఐదారు నెలలు. 80,000 దాటి వడ్డీకే పోయింది, నలుగురు పిల్లల ఏడాది ఫీజు కన్నా ఎక్కువ. మూడు నెలల జీతాలు బ్యాంకులో ఉంచగలిగిన బడి ఫీజు పెంచకుండానే ఆ మేరకు ఆదాయం పెంచుకున్నట్టు. ఇది ఒక్క ఏడాదిలో పోగవదు. అందుకే ప్రతి నెలా వసూలులో మూడు నాలుగు శాతం వేరే ఖాతాలో వేసి మర్చిపోవాలి.

టీచర్ ఉద్యోగం వదిలి వెళ్లేటప్పుడు ఇవ్వాల్సిన గ్రాట్యుటీని కూడా అందరూ మర్చిపోతారు. ప్రైవేట్ టీచర్లకు కూడా ఇది వర్తిస్తుందని గ్రాట్యుటీ చట్టానికి 2009లో చేసిన సవరణ చెప్పింది, 1997 నుంచే లెక్క అంది, 2022లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. చివరి జీతం 15,000 ఉన్న టీచర్ పదేళ్లు చేసి వెళ్తే ఇవ్వాల్సింది దాదాపు 86,500. పాత టీచర్లు ముగ్గురు ఒకే ఏడాది వెళ్తే ఆ ఏడాది మిగులు మొత్తం వాళ్లకే సరిపోతుంది. ఏటా కొంచెం పక్కన పెట్టుకున్న బడికి ఆ టెన్షన్ ఉండదు.

ఇక ఎవరూ మాట్లాడడానికి ఇష్టపడని విషయం: హైస్కూల్. 8, 9, 10 తరగతులు కలిపి 45 మందే ఉన్న బడులు చాలా కనిపిస్తాయి. తలా 22,000 వేసుకున్నా 85 శాతం వసూలుతో 8 లక్షల 40 వేలు. వాళ్ల కోసమే ప్రత్యేకంగా పెట్టుకున్న నలుగురు సబ్జెక్ట్ టీచర్లకు 18,000 చొప్పున 8 లక్షల 64 వేలు. ల్యాబ్, పరీక్షల ఖర్చు ఇంకా కలపలేదు. ఏడో తరగతితో ఆపేసి, ఆ డబ్బును కింది క్లాసుల మీద పెడితే బడి గట్టిపడదా అంటే, కాగితం మీద గట్టిపడుతుంది. కానీ నర్సరీలో చేర్చడానికి వచ్చిన తాతయ్య మొదట అడిగేది "టెన్త్ దాకా ఉన్నదా?" అనే. బడి గేటు ముందు పదో తరగతి మార్కుల ఫ్లెక్సీ లేకపోతే నర్సరీ నిండదు. కాబట్టి హైస్కూల్ తెచ్చే నష్టాన్ని ప్రకటన ఖర్చుగా చూడాలి, అప్పుడు ఆ ఖర్చుకు తగ్గ అడ్మిషన్లు కింద వస్తున్నాయా లేదా అని మూడేళ్ల రిజిస్టర్లు తీసి చూడాలి. వస్తుంటే నడపాలి. రాకపోతే, ఎనిమిదిలోకి కొత్తగా తీసుకోవడం మానేసి, ఇప్పటికే ఎనిమిది, తొమ్మిదిలో ఉన్న పిల్లలు పదో తరగతి పూర్తి చేసేదాకా మాత్రం నడపాలి.